రాడ్డు వెల్డింగా, మిగ్ వెల్డింగా: ఇంటి పనికి ఏది, బండి పనికి ఏది?

ఒకప్పుడు వెల్డింగ్ సెట్టు అంటే నలుగురు పట్టి దించాల్సిన నూనె ట్రాన్స్‌ఫార్మర్. గేటు చువ్వ ఊడినా, నాగలి కొర్రు విరిగినా దాన్ని మోసుకుని షాపు దాకా వెళ్లాల్సిందే. ఇప్పుడు ఇన్వర్టర్ మెషీన్లు ఐదారు కిలోల బరువుతో, భుజానికి తగిలించుకునేలా వస్తున్నాయి. రైతులు పొలం పనిముట్ల కోసం కొంటున్నారు. ఇల్లు కట్టుకున్నవాళ్లు మెట్ల రెయిలింగ్ కోసం, పాత కార్లంటే ప్రాణం పెట్టే కుర్రాళ్లు తుప్పు పట్టిన ఫ్లోరు బాగుచేసుకోవడం కోసం కొంటున్నారు. కొనేముందు అందరూ అడిగేది ఒకటే: రాడ్డుది తీసుకోవాలా, మిగ్ తీసుకోవాలా?

దుకాణంలో చెప్పే జవాబు సాధారణంగా మారదు. మిగ్ తేలిక, రాడ్డు కష్టం అంటారు. అది సగం నిజం. మిగ్‌తో చూడ్డానికి బాగుండే అతుకు వేయడం నిజంగానే తేలిక. గట్టి అతుకు వేయడం మాత్రం దేనితోనైనా కష్టపడి నేర్చుకోవాల్సిందే. రాడ్డుతో పని కుదరకపోతే అక్కడికక్కడే తెలిసిపోతుంది. మిగ్‌తో కుదరకపోయినా పైకి కుదిరినట్టే కనిపిస్తుంది. మొదటి మెషీన్ కొనేవాళ్లకు ధర కన్నా, బ్రాండు కన్నా ముందు తెలియాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం.

రెండింటిలోనూ జరిగే పని ఒకటే. లోహపు మొనకూ ఇనుముకూ మధ్య ఉన్న సన్నటి ఖాళీలో కరెంటు ఆర్క్‌గా వెలుగుతుంది. ఇనుము కరగడానికి 1538 డిగ్రీల సెల్సియస్ వేడి చాలు, ఆర్క్‌లో వేడి అంతకు ఎన్నో రెట్లు. ఆ వేడికి రెండు ముక్కల అంచులూ కరుగుతాయి, మొన కూడా కరిగి వాటిలో కలుస్తుంది, చల్లారాక అంతా ఒకటే ముక్క అవుతుంది. చిక్కల్లా గాలితోనే. కరిగిన ఇనుముకు గాలి తగిలితే ఆక్సిజన్, నైట్రోజన్ అందులో చేరి అతుకు పెళుసవుతుంది, లోపల సన్నటి బొక్కలు పడతాయి. ఆ గాలిని ఎలా అడ్డుకుంటారన్న దగ్గరే రాడ్డుకూ మిగ్‌కూ దారులు వేరయ్యాయి.

రాడ్డు అంటే ఉక్కు తీగ మీద ఖనిజాల పూత. ఆర్క్ వెలగగానే పూతలో కొంత మండి పొగగా మారి గాలిని నెట్టేస్తుంది. మిగతాది కరిగి స్లాగ్‌గా అతుకు మీద తేలి, అది చల్లారేదాకా కప్పి ఉంచుతుంది. తర్వాత సుత్తితో కొట్టి రాల్చేది దాన్నే. ఓడల బాయిలర్ల మరమ్మతుల్లో నాసిరకం అతుకులు చూసి విసిగిన స్వీడన్ ఇంజినీరు ఆస్కార్ షెల్‌బర్గ్ ఈ పూత రాడ్డును రూపొందించాడు. 1904లో గోథెన్‌బర్గ్‌లో ఆయన పెట్టిన కంపెనీయే ఈసాబ్. మిగ్ అంతకు నాలుగు దశాబ్దాల తర్వాతది. 1948లో అమెరికాలోని బాటెల్ సంస్థలో రూపు దిద్దుకుంది. ఇందులో రాడ్డు ఉండదు. చుట్టగా ఉన్న సన్నటి తీగను మోటారు తోస్తుంటుంది, తీగ చుట్టూ నాజిల్ నుంచి గ్యాస్ వచ్చి గాలిని అడ్డుకుంటుంది. మొదట్లో ఖరీదైన ఆర్గాన్‌తో అల్యూమినియానికే వాడేవారు. 1950లలో కార్బన్ డయాక్సైడ్‌తోనూ ఉక్కును అతకవచ్చని తేలాక ఇది చవకై, వర్క్‌షాపుల్లోకి వచ్చింది. మన ఆటోనగర్లలో దీన్ని సీఓటూ వెల్డింగ్ అంటారు, అందుకే.

ఇక చేతి పని. రాడ్డు పట్టుకున్నవాడి చెయ్యి ఒకేసారి మూడు పనులు చేయాలి. రాడ్డును అతుకు వెంట నడపాలి, వాలు తప్పకుండా చూసుకోవాలి, రాడ్డు కరిగి పొట్టిదవుతున్నకొద్దీ చేతిని కిందికి దించుతూ ఖాళీని సమంగా ఉంచాలి. ఆ ఖాళీ రాడ్డు లోపలి తీగ మందం అంత ఉండాలి, అంటే 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు రెండున్నర మిల్లీమీటర్లు. దగ్గరైతే రాడ్డు అంటుకుపోతుంది. దూరమైతే ఆర్క్ ఊగిసలాడి నిప్పురవ్వలు చిమ్ముతుంది. మిగ్‌లో మూడో పని మెషీన్ చూసుకుంటుంది. వోల్టేజీని స్థిరంగా పట్టి ఉంచుతుంది కాబట్టి, మీ చెయ్యి కొంచెం అటూఇటూ అయినా తీగ కరిగే వేగం తనంతట తానే సర్దుకుంటుంది. మీరు ట్రిగ్గర్ నొక్కి, నాజిల్‌ను నడిపితే సరిపోతుంది. మొదటి రోజు సాయంత్రానికే నున్నటి గీత పడుతుందంటే కారణం ఇది.

బలం సంగతిలో ఒక అపోహ ఉంది. మిగ్ తీగ సన్నం కాబట్టి అతుకు బలహీనం అనుకుంటారు. 6013 అని రాసి ఉన్న మామూలు రాడ్డులో మొదటి రెండు అంకెలు అతుకు లోహం బలాన్ని చెబుతాయి: చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల లాగుడును తట్టుకుంటుందని. 7018 రాడ్డుకు అది 70 వేలు. మామూలు మిగ్ తీగ కూడా 70 వేల తరగతిదే. కాబట్టి లోహంలో లోటేమీ లేదు. లోటు వస్తే అంచులు కరిగి కలవకపోవడం వల్లే వస్తుంది.

దీన్ని ఒక పనిలో చూద్దాం. డాబా మీద 1000 లీటర్ల నీళ్ల ట్యాంకుకు ఇనుప స్టాండు కట్టాలి. ట్యాంకు నిండితే నీళ్ల బరువే 1000 కిలోలు, సరిగ్గా ఒక టన్ను. కింద పిల్లలు ఆడుకుంటుంటారు, బట్టలు ఆరేస్తుంటారు. కాళ్లకు 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎల్ యాంగిల్ తెచ్చారనుకుందాం. ఇంటి వాడకానికి అమ్మే చిన్న మిగ్‌తో, 0.8 తీగతో, 90 ఆంపియర్ల దగ్గర ఈ 6 మిల్లీమీటర్ల ఇనుము మీద అతుకు వేస్తే ఏమవుతుంది? మందపాటి ఇనుము వేడిని లోపలికి లాగేసుకుంటుంది. తీగ మాత్రం కరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే మోటారు దాన్ని తోస్తూనే ఉంటుంది. కరిగిన తీగ కరగని అంచు మీదికి వచ్చి పరుచుకుంటుంది. నున్నగా, మెరుస్తూ, అలలు అలలుగా అతుకు తయారవుతుంది. కానీ అది ఇనుము మీద కూర్చుందంతే, ఇనుములో కలవలేదు. గ్రైండర్ పెట్టి, ప్రైమర్ కొట్టి, రంగు వేశాక లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

అదే చోట రాడ్డుతో కరెంటు తక్కువ పెడితే ఇలా మోసపోయే వీలు తక్కువ. రాడ్డు అంటుకుపోతుంది, ఆర్క్ ఆరిపోతుంది, పడిన లోహం సన్నటి గట్టులా ఉబ్బి నిలబడుతుంది. చూసినవాడెవడైనా ఇది బాగాలేదంటాడు, మీరు కరెంటు పెంచుతారు. ఈ స్టాండుకు 3.15 మిల్లీమీటర్ల రాడ్డు, షాపుల్లో పది గేజి అనేది, 100 నుంచి 120 ఆంపియర్ల మధ్య పెట్టి వేస్తే అంచులు బాగా కరుగుతాయి. డాబా మీద గాలి కూడా ఉంటుంది. మిగ్ గ్యాస్ నిమిషానికి పది, పన్నెండు లీటర్ల చొప్పున మెల్లగా వస్తుంది. ఆకులు కదిలేపాటి గాలికే అది చెదిరిపోయి, అతుకు నిండా ఇడ్లీ మీద కనిపించేలాంటి సన్న బొక్కలు పడతాయి. రాడ్డు పొగ, స్లాగ్ ఆ గాలికి లొంగవు. పొలంలో, మిద్దె మీద, రోడ్డు పక్కన రాడ్డే నిలిచి ఉండటానికి కారణం పాత అలవాటు కాదు, ఈ గాలే.

స్టాండు విషయంలో ఇంకొక మాట. కాళ్ల పక్కన అడ్డ యాంగిల్‌ను అతికించి, బరువంతా ఆ అతుకులకు వేలాడేలా కట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. అలా కాకుండా పై ఫ్రేమును కాళ్ల తలల మీద కూర్చోబెట్టాలి. అప్పుడు బరువు ఇనుము మీదుగా ఇనుము మీదికే దిగుతుంది, అతుకు దాన్ని పక్కకు జారకుండా పట్టుకుంటే చాలు. మంచి వెల్డర్లు అతుకు మీద తమకున్న నమ్మకంతో కాక, అతుకు మీద భారం తగ్గించే కొలతలతో పని మొదలుపెడతారు. కాళ్ల మధ్య ఏటవాలు పట్టీలు కూడా తప్పనిసరి. గాలివానకు స్టాండు ఊగినప్పుడు పట్టి ఉంచేవి అవే.

రాడ్డులో లోపాలు లేవని కాదు. స్లాగ్ పూర్తిగా రాల్చకుండా రెండో వరస వేస్తే అది లోపల ఇరుక్కుపోయి అతుకును రెండుగా చీలుస్తుంది. ప్రతి వరస తర్వాత సుత్తి, వైర్ బ్రష్ పట్టాల్సిందే. రాడ్డు బరువులో మూడో వంతుకు పైగా స్లాగ్‌గానో, రవ్వలుగానో, పారేసే ముక్కగానో పోతుంది. మిగ్ తీగలో తొంభై శాతానికి పైగా అతుకులోకే చేరుతుంది. తేమ ఇంకొక శత్రువు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో విప్పిన రాడ్ల పెట్టె వానాకాలమంతా అలా పడి ఉంటే పూత తేమ పీల్చుకుంటుంది. 6013 అయితే కాసేపు ఎండబెట్టినట్టు వేడి చేస్తే పనికొస్తుంది. 7018 అలా కాదు. అందులో చేరిన తేమ నుంచి హైడ్రోజన్ అతుకులోకి దూరి, గట్టి ఉక్కును కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి పగలగొడుతుంది. దాన్ని 300 డిగ్రీలకు పైన ఓవెన్‌లో గంటో రెండు గంటలో కాల్చి వాడాలి. ఇంట్లో ఆ ఏర్పాటు ఉండదు కాబట్టి చిన్న ప్యాకెట్ కొని, విప్పిన రోజే వాడేయడం మేలు.

ఇప్పుడు రెండో పని చూద్దాం. పాత కారు, డ్రైవరు కాళ్ల కింద ఫ్లోరు రేకు తుప్పు పట్టి చెయ్యి పట్టేంత రంధ్రం పడింది. కారు రేకు మందం చాలాచోట్ల 0.7, 0.8 మిల్లీమీటర్లే. ఇక్కడ రాడ్డు తెచ్చారంటే పని చెడినట్టే. మార్కెట్లో తేలిగ్గా దొరికే సన్న రాడ్డు 2.5 మిల్లీమీటర్లది, షాపుల్లో పన్నెండు గేజి అనేది. దానికి కనీసం 55, 60 ఆంపియర్లు కావాలి. ఆ వేడికి రేకు ఒక్క క్షణంలో కరిగి కిందికి జారిపోతుంది. పూడ్చబోయిన రంధ్రం రెండింతలవుతుంది. మిగ్‌కు ఇది పుట్టినిల్లు. 0.6 లేదా 0.8 తీగ, 15, 16 వోల్టులు, 40 ఆంపియర్ల ప్రాంతంలో రేకు నిలుస్తుంది.

అయినా గీత గీసినట్టు ఆగకుండా వేయకూడదు. ముందు తుప్పును పూర్తిగా కత్తిరించి, మెరిసే ఇనుము వచ్చేదాకా చుట్టూ రంగు, అడుగు పూత గీకాలి. రాడ్డు కొంత మురికిని భరిస్తుంది, మిగ్ భరించదు. అదే మందం రేకును రంధ్రానికి సరిపోయేలా కోసి, క్లాంపులతో బిగించి, ఒక మూల ఒక చుక్క వేయాలి. ట్రిగ్గర్ నొక్కడం, ఒక సెకను, వదలడం. తర్వాతి చుక్క దాని పక్కన కాదు, ఎదుటి మూల. ఆ తర్వాత మధ్యలో. ఇలా అంగుళానికో చుక్క పడ్డాక, చేత్తో తాకగలిగేంత చల్లారనిచ్చి, మళ్లీ రెండేసి చుక్కల మధ్య ఒక చుక్క. ఇంత ఓపిక ఎందుకంటే వేడెక్కిన రేకు వ్యాకోచించాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లటి రేకు దాన్ని పోనివ్వదు, చల్లారేటప్పుడు అది ఉన్నదానికన్నా కుంచించుకుపోయి రేకంతటినీ లాగి వంకర చేస్తుంది. అతుకు వెనక మందపాటి రాగి పట్టీ ఆనిస్తే వేడిని అది లాగేసుకుంటుంది, కరిగిన ఇనుము రాగికి అంటుకోదు, రంధ్రాలు పడవు. సరైన సెట్టింగులో మిగ్ ఆగకుండా, ఒకే లయలో చిటపటలాడుతుంది. టప్ టప్ మని తీగ తోసుకొస్తుంటే తీగ వేగం ఎక్కువైనట్టు, బుస్ బుస్ మని మొన దగ్గర బంతి కట్టి రాలుతుంటే వోల్టేజీ ఎక్కువైనట్టు. అనుభవం ఉన్న టింకరింగ్ మేస్త్రీలు మీటరు చూడరు, చెవితోనే సరిచేస్తారు.

ఈ రెండు పనులకు మధ్యలో చాలా ఇంటి పనులు ఉన్నాయి. గేట్లకు వాడే చదరపు పైపు పదహారు గేజి అయితే 1.6 మిల్లీమీటర్లు, పద్దెనిమిది గేజి అయితే 1.2. గేజి అంకె పెరిగితే మందం తగ్గుతుంది, కొనేటప్పుడు ఇది గుర్తుండాలి. పదహారు గేజి పైపును పన్నెండు గేజి రాడ్డుతో కొత్తవాళ్లు కూడా కొన్నాళ్లకు నేర్చుకోగలరు. పద్దెనిమిది గేజి పైపుకు రాడ్డుతో చెయ్యి బాగా తిరిగి ఉండాలి. మన ఊళ్లలో గ్రిల్లులు చేసేవాళ్లు అది రోజూ చేస్తున్నారు, అది వాళ్ల చేతి గొప్ప. సైలెన్సర్ పైపులకు, స్టీలు ఫర్నిచర్‌కు మిగ్ హాయి. ట్రాక్టరు ట్రక్కు చానళ్లకు, మట్టి, గ్రీజు పట్టిన పనిముట్లకు రాడ్డు.

గ్యాస్ లేని మిగ్ అని ఆన్‌లైన్లో చవగ్గా అమ్ముతున్న చిన్న మెషీన్ల గురించి హెచ్చరించాలి. వీటిలో వాడే తీగ బోలుగా ఉంటుంది, లోపల రాడ్డు పూత లాంటి పొడి నింపి ఉంటుంది. సిలిండరు అక్కర్లేదు, గాలిలోనూ పనిచేస్తుంది. మంచి ఏర్పాటే. అయితే మామూలు మిగ్ తీగకు టార్చి పాజిటివ్‌కు కలపాలి, ఈ పొడి తీగలో చాలా రకాలకు నెగటివ్‌కు కలపాలి. చాలామంది తీగ మారుస్తారు గానీ ఈ కనెక్షన్ మార్చరు. రవ్వలు విపరీతంగా ఎగిరి, అతుకు ముద్దముద్దగా పడి, మెషీన్ పనికిరానిదని మూలన పెడతారు. ఏ తీగకు ఏ వైపో తీగ చుట్ట మీద రాసి ఉంటుంది, మూత తీస్తే మార్చుకునే చోటు కనిపిస్తుంది. పొగ మాత్రం ఎక్కువ, స్లాగ్ కూడా గీకాలి, కారు రేకుకు ఇది గ్యాస్ మిగ్ అంత మృదువుగా పనిచేయదు.

మీ అతుకు నిజంగా పట్టిందో లేదో తెలుసుకునే పరీక్ష ఇంట్లోనే ఉంది. రెండు 6 మిల్లీమీటర్ల ఫ్లాట్ పట్టీ ముక్కలు తీసుకుని, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, ఒక పక్క మాత్రమే అతకండి. వైస్‌లో బిగించి, అతుకు ఉన్న వైపుకే వంగేలా పెద్ద సుత్తితో కొట్టండి. మంచి అతుకైతే ఇనుము వంగుతుంది గానీ అంత త్వరగా విడిపోదు. విడిపోతే ఆ పగులును ఎండలో పట్టుకుని చూడండి. అతుకు అడుగున గరుకుగా, బూడిదరంగు గింజలు గింజలుగా ఉంటే అక్కడ లోహం కలిసినట్టు. అడుగున గ్రైండర్ గీతలు ఇంకా అలాగే కనిపిస్తుంటే, కోసిన పట్టీ అంచు పదునుగా, చెక్కుచెదరకుండా ఉంటే అక్కడ అసలు కరగలేదు. నల్లటి గాజులాంటి ముక్కలు దొరికితే స్లాగ్ ఇరుక్కుంది. పది ముక్కలు ఇలా విరగ్గొట్టి చూసినవాళ్లు నేర్చుకునేది, వంద అతుకులు వేసి రంగు కొట్టినవాళ్లు నేర్చుకోలేరు. ముఖ్యంగా మిగ్‌తో మొదలుపెట్టేవాళ్లు ఇది చేయకుండా మనిషి బరువు మోసే ఏ వస్తువూ కట్టకూడదు.

ఒంటి సంగతికి వస్తే, కళ్లు ముందు. ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. నొప్పి అప్పుడు తెలియదు. ఆరేడు గంటల తర్వాత, అర్ధరాత్రి, కళ్లలో ఇసుక పోసినట్టు మండి నీళ్లు కారుతుంటే తెలుస్తుంది. అప్పుడు నాటు చిట్కాలతో కంట్లో ఏవేవో పిండవద్దు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చల్లటి నల్ల కళ్లద్దాలు దీనికి అడ్డు కావు. 10 లేదా 11 నంబరు అద్దం ఉన్న హెల్మెట్ కావాలి, మెడ, చేతులు కప్పే మందపాటి నూలు బట్టలు కావాలి. పక్కన నిలబడి చూసే పిల్లలను లోపలికి పంపేయాలి.

జీఐ పైపు, జింకు పూత రేకు అతికేటప్పుడు వచ్చే తెల్లటి పొగ ఇంకొక ప్రమాదం. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఇనుము కరగక ముందే పొగై ముక్కులోకి వస్తుంది. సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు మలేరియా వచ్చినట్టే ఉంటాయి. అతుకు చుట్టూ పూతను గీకేసి, బయటి గాలిలో, పొగకు ఎదురుగా ముఖం పెట్టకుండా పని చేయాలి. బండి పనిలో దీనికన్నా ప్రమాదకరమైనది బ్రేకు క్లీనర్. క్లోరిన్ ఉన్న క్లీనర్‌తో తుడిచిన చోట, అది పూర్తిగా ఆరకముందే ఆర్క్ వెలిగిస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. కొద్దిపాటిదైనా ఊపిరితిత్తులను నాశనం చేస్తుంది. వెల్డింగ్ చేయబోయే చోట ఆ డబ్బానే తేకండి. మూసిన గదిలో మిగ్ వాడితే గ్యాస్ నేల మీద పేరుకుని గాలిని పలచబరుస్తుంది, తలుపులు తెరిచి ఉంచాలి.

బండి మీద ఆర్క్ వెలిగించేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే, గీకిన ఇనుము మీద పెట్టాలి. బంపరు అతుకుతూ ఎర్త్‌ను వెనక చక్రం దగ్గర తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుని వాటి నున్నటి ముఖాల మీద గుంటలు పెడుతుంది. కారు ఫ్లోరు కింద పెట్రోలు పైపు, బ్రేకు పైపు, వైర్లు పోతుంటాయి, లోపల కార్పెట్టు, ఫోము ఉంటాయి. అవన్నీ తీశాక కూడా నీళ్ల బకెట్టు, మంటలార్పే సిలిండరు పక్కన ఉండాలి, పని అయ్యాక అరగంటైనా అక్కడే ఉండి చూడాలి. పెట్రోలు ట్యాంకును మాత్రం ఖాళీ చేసినా, కడిగినా ఇంట్లో వెల్డింగ్ చేయొద్దు. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే బాంబులా పేలుతుంది.

కొన్ని భాగాలు ఏ మెషీన్ ఉన్నా ముట్టుకోకూడనివి. కమాన్ పట్టీలు స్ప్రింగు ఉక్కుతో చేసినవి. అతికిన చోట పెళుసెక్కి నడుస్తుండగా విరుగుతాయి. స్టీరింగు రాడ్లు, సస్పెన్షన్ భాగాలు కొత్తవే వేసుకోవాలి. ఇప్పటి కార్ల డోరు పక్క స్తంభాలు చాలావాటిలో వేడితో గట్టిపరచిన ప్రత్యేక ఉక్కువి. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది, యాక్సిడెంటులో మిమ్మల్ని కాపాడాల్సినది మడిచినట్టు ముడుచుకుపోతుంది. చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. కార్ల ముందు ఇనుప గార్డులు బిగించడం ఈ సెక్షన్‌కు విరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. ఇంట్లో చేసుకునే బండి పనుల్లో ఎక్కువమందిని ఊరించేది ఈ గార్డే, అందుకే చెబుతున్నాను.

కరెంటు లెక్క చిన్నదే. 100 ఆంపియర్లు, 24 వోల్టుల ఆర్క్ అంటే 2.4 కిలోవాట్లు. మెషీన్‌లో పోయేది కలుపుకుంటే మూడు కిలోవాట్లు దాటుతుంది. అది మామూలు చిన్న సాకెట్ పని కాదు. 16 ఆంపియర్ల పవర్ సాకెట్, దానికి బోర్డు నుంచి విడిగా వచ్చే మందపాటి వైరు, సరిగ్గా ఉన్న ఎర్తింగ్ కావాలి. పల్లెల్లో సాయంత్రం వోల్టేజీ 180కి పడిపోతే ఎంత మంచి మెషీన్ అయినా రాడ్డు అంటుకుపోతుంది. మీ చెయ్యి బాగాలేదని నిరాశపడకుండా ముందు వోల్టేజీ చూసుకోండి. సన్నటి పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరు కూడా ఇదే పని చేస్తుంది. తడి నేల మీద, చెమట చొక్కాతో ఇనుము మీద కూర్చుని రాడ్డు మార్చొద్దు. హోల్డరులో అప్పుడూ 70, 80 వోల్టులు ఉండవచ్చు.

మెషీన్ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 200, 250 అని ఉంటుంది. దాన్ని కాదు, వెనక పలక మీది డ్యూటీ సైకిల్ చదవండి. 160 ఆంపియర్ల దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు పని, నాలుగు నిమిషాలు విశ్రాంతి. ఆ లెక్క మామూలుగా 40 డిగ్రీల వాతావరణానికి కడతారు. రెంటచింతల ఎండలో, రేకుల షెడ్డు కింద అంతకన్నా ముందే వేడెక్కి ఆగిపోతుంది. రాడ్డు పనిలో రాడ్డు మార్చడం, స్లాగ్ కొట్టడం మధ్య ఆ విశ్రాంతి దానంతటదే దొరుకుతుంది. మిగ్‌లో ట్రిగ్గర్ వదలకుండా పోవచ్చు కాబట్టి డ్యూటీ సైకిల్ అక్కడ ఎక్కువ ముఖ్యం. గ్యాస్ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోవాలి. కిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 540 లీటర్ల గ్యాస్ అవుతుంది. నిమిషానికి 12 లీటర్ల చొప్పున ఐదు కిలోల సిలిండరు ఆర్క్ వెలిగే సమయంలో నాలుగు గంటలు కూడా రాదు. మీ ఊళ్లో దాన్ని నింపేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారో మెషీన్ కొనకముందే కనుక్కోండి.

కారు రేకు, సైలెన్సరు, సన్న పైపు ఫర్నిచర్ మీ అసలు పని అయితే, కప్పు ఉన్న చోటు ఉంటే, నేరుగా గ్యాస్ మిగ్‌కు వెళ్లండి. మిగతా ఇళ్లకు, పొలాలకు మొదటి మెషీన్‌గా నేను చెప్పేది రాడ్డు ఇన్వర్టరే. చవక, గ్యాస్ బెడద లేదు, ఎక్కడికైనా మోయొచ్చు, తప్పు చేస్తే ముఖం మీదే చెబుతుంది. దాంతో పాటు తలకు ఆనే ఆటో డార్క్ హెల్మెట్, తోలు చేతి తొడుగులు, గ్రైండర్, నాలుగు క్లాంపులు, పన్నెండు గేజి 6013 రాడ్ల పెట్టె కొనండి. పాత ఇనుము దుకాణంలో తుప్పు తక్కువున్న 5, 6 మిల్లీమీటర్ల పట్టీ ముక్కలు కిలోల లెక్కన దొరుకుతాయి, వాటి మీదే ఆ పెట్టె మొత్తం ఖర్చు పెట్టండి. వీలైతే దగ్గర్లోని వెల్డింగ్ షాపులో ఒక మేస్త్రీని అడిగి, ఆయన పక్కన హెల్మెట్ పెట్టుకుని ఆర్క్‌ను కాకుండా దాని వెనక కరిగిన లోహం ఎలా కదులుతుందో చూడండి. ఐటీఐల్లో వెల్డర్ కోర్సు ఏడాది పాటు నేర్పేదంతా ఆ కరిగిన లోహాన్ని చదవడమే.